ఓడిన తరువాత కొట్టే చప్పట్లు

డిసెంబరు నెల వచ్చిందంటే మా త్రిపురారం చుట్టుపక్కల ఊళ్లలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి, మందిరాలకు సున్నం వేసి నక్షత్రాలు కట్టడం. రెండోది, వరి కోసిన మడుల్లో కొయ్యకాళ్లు తీసి, నేల చదును చేసి, సంఘాల యౌవనస్తులు క్రికెట్ పోటీలు పెట్టుకోవడం. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారి యాసంగి నాట్లు మొదలయ్యేలోపు ఆ పోటీలు ముగిసిపోవాలి. అందుకే ఆ పది రోజులూ పొలాల్లో సందడే సందడి.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక పోటీలో మా సంఘం పిల్లలు సెమీఫైనల్లో 4 పరుగుల తేడాతో ఓడిపోయారు. ఓడించింది కాలువ అవతలి ఊరి సంఘం వాళ్లు. మా పిల్లలు బ్యాట్లు చంకన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, బండ్లు స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం ఫైనల్ జరిగితే మా వాళ్లు ఒక్కరూ గట్టు మీద లేరు. ఒకే ఒక్క పెద్దాయన తప్ప! డెబ్బై ఏళ్లు దాటిన ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని, గట్టు మీద కూర్చుని, మమ్మల్ని ఓడించిన ఆ జట్టు కొట్టిన ప్రతి ఫోర్‌కూ చప్పట్లు కొట్టాడు. ఆ మాట పిల్లల చెవిన పడింది. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక యౌవనస్తుడు ఉండబట్టలేక అడిగాడు. 'ఏంది తాతా, మనల్ని ఓడగొట్టినోళ్లకు చప్పట్లు కొట్టినవంట?' పెద్దాయన నవ్వి, 'మనం ఓడినం బిడ్డా, ఆట ఓడలేదు గద!' అన్నాడు.

ఆ రోజు ఆ మాటకు అందరం నవ్వుకున్నాం. ఆ తరువాత తెలిసింది, అది నవ్వి వదిలేయదగ్గ మాట కాదని!

ఓడిపోవడం ఎలాగో ఎవరూ నేర్పనక్కరలేదు. అది అందరికీ వచ్చు. ఓడిపోయిన తరువాత మన హృదయాన్ని ఏం చేసుకోవాలన్నదే పెద్ద ప్రశ్న. మన ముందు మూడు దారులుంటాయి. మొదటిది, మైదానం విడిచి వెళ్లిపోవడం. 'మనం లేని ఆటతో మనకేం పని?' అనుకోవడం. రెండోది, మైదానంలోనే ఉండి, మనల్ని ఓడించినవాడు ఎప్పుడు ఓడతాడా అని కాచుకుని కూర్చోవడం. మూడోది, ఆ పెద్దాయన చేసిన పని. గాయం ఉన్నా ఉండిపోవడం, మంచి ఆటను మంచి ఆట అని ఒప్పుకోవడం, గెలుస్తున్నవాడి గెలుపులో సంతోషించడం. మొదటి రెండూ సహజంగా వస్తాయి. మూడోది మాత్రం కృప లేకుండా రాదు.

మన పల్లెల్లో హాకీ కర్ర పట్టిన పిల్లలు అరుదే కానీ, ఈ పాఠం నేర్చుకోవడానికి హాకీ కన్నా మంచి బడి మరొకటి లేదు. మన పొరుగునే ఉన్న, తెలుగువాళ్లు ఎందరో నివసించే ఒడిశా రాష్ట్రాన్నే చూడండి. 2018లో పురుషుల హాకీ ప్రపంచ కప్ భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలో జరిగింది. డిసెంబరు 13న క్వార్టర్ ఫైనల్లో భారత జట్టు నెదర్లాండ్స్ చేతిలో 1-2 తేడాతో ఓడిపోయింది. మూడు రోజుల తరువాత అదే నెదర్లాండ్స్‌కు, బెల్జియంకు మధ్య ఫైనల్. మన జట్టు లేదు, మన జెండా లేదు. అయినా జనం వచ్చారు, కేకలు వేశారు, చప్పట్లు కొట్టారు. గోల్ లేకుండా ముగిసిన ఆ ఆటలో బెల్జియం షూటౌట్‌లో 3-2తో గెలిచి, మొట్టమొదటిసారి ప్రపంచ విజేత అయింది.

2023లో మళ్లీ ప్రపంచ కప్ ఒడిశాకే వచ్చింది. ఈసారి భువనేశ్వర్‌తోపాటు రూర్కెలాలోనూ ఆటలు జరిగాయి. జనవరి 22న మన జట్టు న్యూజిలాండ్‌పై 2-0 ఆధిక్యంలో ఉండి కూడా దాన్ని నిలుపుకోలేకపోయింది. 3-3తో సమమై, షూటౌట్‌లో 4-5తో ఓడి ఇంటిముఖం పట్టింది. సొంత గడ్డ మీద, సొంత జనం ముందు క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేకపోవడం చిన్న దెబ్బ కాదు. అయినా జనవరి 29న జర్మనీ, బెల్జియం ఫైనల్ ఆడుతుంటే కళింగ స్టేడియంలో ఆట చూసే కళ్లున్నాయి, మెచ్చుకునే చేతులున్నాయి. 0-2తో వెనుకబడిన జర్మనీ పుంజుకుని, చివరికి షూటౌట్‌లో గెలిచింది.

ఈ గుణం ఆ నేలకు ఎక్కడి నుంచి వచ్చింది? ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా గిరిజన గ్రామాల్లో హాకీ ఊరి పండుగ. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా పెట్టి పోటీలు ఆడతారు. ఆ పల్లెల్లో చర్చి గంట, హాకీ కర్ర చప్పుడు కలిసే వినిపిస్తాయి. భారత జట్టుకు నాయకత్వం వహించిన దిలీప్ తిర్కీ ఆ జిల్లా బిడ్డే. ఆటను అంతగా ప్రేమించినవాళ్లకు, తమ జట్టు వెళ్లిపోయినంత మాత్రాన ఆట మీద ప్రేమ పోదు.

క్రికెట్ చూసే మనకు కూడా ఇలాంటి రోజులు గుర్తున్నాయి. 1999 జనవరి 31న చెన్నైలో పాకిస్తాన్‌తో జరిగిన టెస్టులో సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసినా మన జట్టు 12 పరుగుల తేడాతో ఓడింది. చెపాక్ స్టేడియంలోని ప్రేక్షకులు ఒక్క క్షణం స్తబ్ధులై, ఆపై లేచి నిలబడి గెలిచిన పాకిస్తాన్ జట్టుకు చప్పట్లు కొట్టారు. 2019 జూలై 10న ప్రపంచ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ మనల్ని 18 పరుగులతో ఓడించింది. నాలుగు రోజుల తరువాత లార్డ్స్‌లో ఫైనల్. మన ఇళ్లలో ఎందరో ఆ న్యూజిలాండ్ గెలవాలనే టీవీల ముందు కూర్చున్నారు. హైదరాబాద్ సన్‌రైజర్స్ జట్టును నడిపిన కేన్ విలియమ్సన్‌ను మనవాళ్లు 'కేన్ మామ' అని పిలుచుకున్నారు కదా! ఆట సమమై, సూపర్ ఓవర్ కూడా సమమై, కేవలం బౌండరీలు 26-17 అని లెక్కపెట్టి ఇంగ్లండ్‌ను విజేత అన్నప్పుడు, తమను ఓడించిన జట్టు కోసం మనవాళ్లు బాధపడ్డారు. వింత కాదా ఇది?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. 'అలా చేస్తే మనవాళ్లకు ద్రోహం కాదా? ఓడిన మన పిల్లల కన్నీళ్లు ఆరకముందే, ఓడించినవాళ్లకు చప్పట్లు కొట్టడమేమిటి?' అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ఓడినవారితో ముందు ఏడవాలి. సంతోషించేవారితో సంతోషించమన్న అపొస్తలుడే, ఏడ్చేవారితో ఏడవమని కూడా అదే వచనంలో చెప్పాడు (రోమా 12:15). ఒకటి చేసి మరొకటి వదిలేయమని చెప్పలేదు. ఓటమి బాధ లేనట్టు నటించేవాడి చప్పట్లలో పస ఉండదు. మనవాళ్లను ప్రేమించనివాడు ఎదుటివాళ్లను మెచ్చుకోవడం ఔదార్యం కాదు, అది పట్టనితనం. మనవాళ్లను ప్రేమిస్తూనే, వాళ్ల ఓటమికి నొచ్చుకుంటూనే, ఎదుటివాళ్ల గెలుపును గౌరవించడమే ఔదార్యం.

మరో ప్రమాదం కూడా ఉంది. మనల్ని ఓడించిన జట్టు మీద కసితో, వాళ్ల ప్రత్యర్థికి చప్పట్లు కొట్టేవాళ్లుంటారు. చేతులు చప్పట్లే కొడతాయి కానీ, హృదయం ఒకరి పతనాన్నే కోరుకుంటుంది. శత్రువు పడినప్పుడు సంతోషించవద్దని, అది చూసి యెహోవా అసహ్యించుకుంటాడని సామెతల గ్రంథం హెచ్చరిస్తోంది (సామెతలు 24:17-18). చప్పట్ల శబ్దం అందరికీ వినబడుతుంది. అవి ఎందుకు కొడుతున్నామో దేవునికి మాత్రమే తెలుసు.

బైబిలులో ఈ మూడో దారిన నడిచినవారిలో బాప్తిస్మమిచ్చు యోహాను మొదట గుర్తొస్తాడు. ఒకప్పుడు యెరూషలేము, యూదయ అంతా ఆయన దగ్గరికే కదిలి వచ్చింది. తరువాత జనం యేసు వైపు మళ్లారు. యోహాను శిష్యులు ఆ మార్పును తట్టుకోలేకపోయారు. 'బోధకుడా, నువ్వు ఎవరిని గూర్చి సాక్ష్యమిచ్చావో ఆయన దగ్గరికే ఇప్పుడు అందరూ పోతున్నారు' అని వచ్చి ఫిర్యాదు చేశారు (యోహాను 3:26). వాళ్ల గొంతులో బాధ మనకు తెలిసిందే. మన సంఘం ఖాళీ అయి పక్క సంఘం నిండినప్పుడు మన గొంతులోనూ అదే ధ్వనిస్తుంది. యోహాను ఏమన్నాడు? పెండ్లికుమారుడు నేను కాదు, నేను ఆయన స్నేహితుణ్ణి, ఆయన స్వరం వింటే చాలు, నా సంతోషం నిండిపోయిందన్నాడు. ఆయన పెరగాలి, నేను తరగాలి అన్నాడు. మన తెలుగు పెళ్లిళ్లలో తోడుపెళ్లికొడుకును చూడండి. వాడికీ కొత్త బట్టలు పెడతారు, వాడినీ పక్కన కూర్చోబెడతారు. కానీ తాళి కట్టే వేళకు వాడు కాస్త పక్కకు జరగాలి. జరగకపోతే పెళ్లే ఆగిపోతుంది! యోహాను వేళ తెలిసి పక్కకు జరిగాడు. ఏడుస్తూ కాదు, సంతోషంతో జరిగాడు.

యోనాతాను సంగతి ఇంకా కష్టమైనది. ఆయన యువరాజు. న్యాయంగా సింహాసనం ఆయనకు రావాలి. దావీదు బతికి ఉన్నంతకాలం నీ రాజ్యం నిలవదని తండ్రి సౌలే మొహం మీద చెప్పాడు (1 సమూయేలు 20:31). అయినా యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును దావీదుకు ఇచ్చేశాడు. దావీదు అరణ్యంలో ప్రాణభయంతో దాక్కున్నప్పుడు వెదుక్కుంటూ వెళ్లి, దేవుని పేరట ధైర్యం చెప్పాడు. నువ్వే రాజువవుతావు, నేను నీ తరువాతివాడిగా ఉంటానన్నాడు (1 సమూయేలు 23:16-18). అక్కడ ప్రేక్షకులు లేరు, మెచ్చుకునేవారు లేరు. తన కుర్చీ ఎక్కబోయేవాడు కింద పడకుండా చేయి పట్టుకున్నాడు. ఆ తరువాత ఆయన రెండో స్థానం కూడా పొందలేదు. గిల్బోవ పర్వతం మీద తండ్రితోపాటు యుద్ధంలో మరణించాడు. కానీ ఆయన ప్రేమ వృథా కాలేదు. ఏళ్లు గడిచాక, కుంటివాడైన ఆయన కుమారుడు మెఫీబోషెతు రాజైన దావీదు బల్ల దగ్గర అన్నం తిన్నాడు (2 సమూయేలు 9).

ఇప్పుడు మళ్లీ హాకీ మైదానానికి వద్దాం. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి భారత మహిళల హాకీ జట్టులో గోల్‌కీపర్‌గా ఆడిన ఏటిమరపు రజనిని గురించి మనం వినే ఉంటాం. ఒక పల్లె ఆడపిల్ల అంతదూరం వెళ్లడం మన తెలుగువాళ్లకు గర్వకారణం. అయితే ఆమె కాలంలోనే జట్టుకు సవితా పూనియా వంటి గొప్ప గోల్‌కీపర్ ఉంది. గోల్ ముందు ఒక్కరే నిలబడతారు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలకు ఇద్దరూ వెళ్లారు. కాంస్య పతకం కోసం న్యూజిలాండ్‌తో జరిగిన ఆట షూటౌట్‌కు వెళితే, సవిత అడ్డుగోడలా నిలబడి జట్టును గెలిపించింది. పతకం ఇద్దరి మెడలోనూ పడింది. ఒకరి మనసులో ఏముందో చెప్పడానికి మనమెవరం? కానీ రెండో గోల్‌కీపర్ అనే ఆ స్థానాన్ని మాత్రం ఆలోచించండి. ముందున్నవారికి గాయమైతేనో, ఆట తప్పితేనో తప్ప తనకు అవకాశం రాదు. అయినా తన జట్టు గెలవాలంటే, తన స్థానంలో నిలబడినవారు బాగా ఆడాలి. రోజూ ఆమెతోపాటే సాధన చేయాలి, ఆమెకు పదును పెట్టాలి, ఆమెకే చప్పట్లు కొట్టాలి. సంఘంలో ఎందరు విశ్వాసులు అలాంటి స్థానంలో ఉన్నారో! పాట బాగా పాడగలిగినా మైకు మరొకరికి ఇస్తారు. వాక్యం చెప్పగలిగినా వంతు రాదు. వాళ్లు ముఖం చిన్నబుచ్చుకుంటారా, లేక పాడేవారికి తాళం వేస్తారా అన్నదే వాళ్ల అసలైన సాక్ష్యం.

ఇంతవరకు ఇతరుల సంగతులు చెప్పాం. ఇక మా సంగతి కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే ఈ మాటలన్నీ వేషధారణే అవుతాయి. ఒక సంవత్సరం మేము మూడు రాత్రుల సువార్త సభలు పెట్టుకున్నాం. ఎంతో ఖర్చు పెట్టి, కరపత్రాలు పంచి, టెంట్లు వేయించాం. అవే తేదీల్లో దగ్గరలోని మరో సంఘం వారు కూడా సభలు పెట్టారు. మా కుర్చీలు సగం ఖాళీగా ఉంటే వాళ్ల టెంటు కిక్కిరిసింది. రెండో రాత్రి గాలివాన వచ్చింది. వాళ్ల టెంటు ఒరిగిపోయిందని, సభ ఆగిపోయిందని కబురు వచ్చింది. ఆ కబురు విని మాలో కొందరు 'దేవుడు న్యాయం తీర్చాడు' అన్నారు. మేమూ నోటితో అనలేదు కానీ, లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ చల్లదనం గుర్తొస్తే ఈ రోజుకీ సిగ్గేస్తుంది! ఆ టెంటు కింద ఎవరో ఒక తాగుబోతు తండ్రి ఆ రాత్రి మారుమనస్సు పొందవలసి ఉన్నదేమో! ఎవరో ఒక విధవరాలు ఆదరణ పొందవలసి ఉన్నదేమో! సువార్త ఆగిపోతే సువార్తికులమైన మేము సంతోషించాం. సహోదరుని కష్టదినాన ఆనందంగా చూస్తూ నిలబడిన ఎదోమును ఓబద్యా ప్రవక్త గద్దించాడు (ఓబద్యా 12). ఆ మాట ఎదోముకే అనుకున్నాం. మాకే అని ఆ రాత్రి అర్థమైంది.

తెల్లవారి మాలో నలుగురం ఆ సంఘ కాపరి ఇంటికి వెళ్లాం. ఏం మాట్లాడాలో తెలియక మొదట వాన సంగతే మాట్లాడాం. చివరికి, 'మూడో రాత్రి మీ సభ మా టెంటు కింద పెట్టుకోండి' అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, 'మీవాళ్లే పాటలు పాడాలి' అన్నాడు. ఆ రాత్రి కుర్చీలు సరిపోలేదు. ఇదేదో మా గొప్ప అని చెప్పడం లేదు. మా పాపం అంత పెద్దది కాబట్టే, దాని నుంచి బయటపడ్డ సంతోషం కూడా పెద్దదైంది.

పౌలు చెరసాలలో ఉన్నప్పుడు, కొందరు అసూయతోను, కలహబుద్ధితోను, ఆయన బంధకాలకు మరింత బాధ తోడు చేయాలని సువార్త చెప్పారు. ఆయన ఏమన్నాడు? ఎలాగైతేనేం, క్రీస్తు ప్రకటించబడుతున్నాడు కదా, నేను సంతోషిస్తున్నాను, ఇక ముందూ సంతోషిస్తానన్నాడు (ఫిలిప్పీ 1:15-18). పాళెములో ఎల్దాదు, మేదాదు ప్రవచిస్తుంటే యెహోషువ మోషే తరఫున రోషపడ్డాడు. మోషే మాత్రం ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండునని కోరుకున్నాడు (సంఖ్యాకాండము 11:26-29). పెద్ద మనసున్నవారికి తమ గుంపు కన్నా దేవుని పని పెద్దది.

మన తెలుగు క్రైస్తవ చరిత్ర కూడా ఈ పరీక్షను ఎదుర్కొన్నదే. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో బాప్టిస్టులు, దేవరకొండ వైపు మెన్నొనైట్ బ్రదరెన్‌లు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, డోర్నకల్‌లో ఆంగ్లికన్‌లు పనిచేశారు. తరువాత హెబ్రోను సహవాసాలు, పెంతెకొస్తు సంఘాలు వచ్చాయి. ఒకరి పొలంలో మరొకరు దున్నకూడదని తొలినాటి మిషన్‌లు ప్రాంతాలు పంచుకున్నాయి. ఆ ఏర్పాటు పోటీని ఆపింది కానీ, ఐక్యతను తేలేదు. 1912లో డోర్నకల్‌కు బిషప్‌గా వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. తమిళ దేశంలో పుట్టి మన తెలుగు పల్లెలకు జీవితం ధారపోసిన ఆయన, ఇన్ని పేర్లతో చీలిపోయిన సంఘం చూసి వేదనపడ్డాడు. 1919లో తరంగంబాడిలో ఐక్యత కోసం జరిగిన సమావేశంలో ముందు నిలిచాడు. పాతికేళ్లు దాని కోసం శ్రమించాడు. 1945 జనవరి 1న ప్రభువు నందు నిద్రించాడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. తాను విత్తిన పంట కోతను ఆయన చూడలేదు. బాప్టిస్టుల వంటి కొన్ని సంఘాలు ఆ కలయికలో చేరనూ లేదు. చేరినా చేరకపోయినా, ఒకరి కోతకు మరొకరు సంతోషించడానికి ఏ తీర్మానమూ అక్కరలేదు కదా!

ఈ సంగతి మందిరంతో ఆగిపోదు, మన ఇంట్లోకీ వస్తుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మన బిడ్డ తప్పి, పక్కింటి బిడ్డ మంచి మార్కులతో గట్టెక్కితే, మనం ఆ గుమ్మం తొక్కి వాళ్లిచ్చే మిఠాయి నోట్లో పెట్టుకోగలమా? మన బోరు ఎండిపోయి పక్క చేను పచ్చగా ఉంటే, 'దేవా, ఆ పంట ఇల్లు చేరనీ' అని ప్రార్థించగలమా? సర్పంచి ఎన్నికల్లో మనవాడు ఓడితే, గెలిచినవాడు వేయించే రోడ్డు మీద ముఖం తిప్పుకోకుండా నడవగలమా? తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకు పొలం నుంచి వచ్చి, ఇంట్లో వాద్యాలు విని, లోపలికి వెళ్లనన్నాడు (లూకా 15:25-32). వాడి ఆస్తి ఎక్కడికీ పోలేదు, తండ్రి ప్రేమా తగ్గలేదు. పోయిందల్లా విందే. వాడి అలక వల్ల తమ్ముడికి నష్టమేమీ లేదు. బయట చీకట్లో నిలబడి ఆకలితో ఉన్నది వాడే!

అయితే చప్పట్లకూ ఒక హద్దుంది. ప్రేమ దుర్నీతిని చూసి సంతోషించదు, సత్యంతోనే సంతోషిస్తుంది (1 కొరింథీ 13:6). మోసంతో గెలిచినవాడికి చప్పట్లు కొట్టమని, డబ్బు పంచి గెలిచినవాడిని సన్మానించమని, విశ్వాసులను దోచుకునే బోధకుడి సభ నిండితే సంతోషించమని వాక్యం చెప్పదు. అక్కడ మౌనంగా ఉండటం కూడా తప్పే. కానీ మనల్ని మనం నిజాయితీగా పరీక్షించుకుందాం. ఎదుటివాడు తప్పు చేశాడు కాబట్టి బాధపడుతున్నామా, లేక గెలిచాడు కాబట్టి తప్పు వెదుకుతున్నామా?

ఎరిక్ లిడెల్ పేరు మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకుని, 400 మీటర్లలో స్వర్ణం గెలిచిన భక్తుడు. ఆయన తరువాత మిషనరీగా చైనాకు వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నడిపిన వేషియన్ నిర్బంధ శిబిరంలో ఖైదీ అయ్యాడు. అక్కడి పిల్లలు ఆదివారం హాకీ ఆడుతూ కొట్టుకున్నారు. ఆదివారం కోసం ఒలింపిక్ పందేన్నే వదులుకున్న ఆ మనిషి, ఆ పిల్లల కోసం ఆదివారం మైదానంలోకి దిగి రిఫరీగా నిలబడ్డాడు. ఎందుకంటే ఆయన ఎవరి పక్షమూ వహించడని రెండు జట్లూ నమ్మాయి. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరంలోనే ఆయన కన్నుమూశాడు. రెండు జట్లూ నమ్మగలిగిన మనిషి! మన ఊళ్లో రెండు వర్గాలూ, రెండు సంఘాలూ అలా నమ్మగలిగిన విశ్వాసి ఒక్కరున్నా ఎన్ని కలహాలు చల్లారేవి!

హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం చివర ఒక ఆశ్చర్యకరమైన మాట ఉంది. విశ్వాసవీరులందరి పేర్లూ చెప్పి, వీళ్లెవరూ వాగ్దాన ఫలాన్ని అనుభవించలేదంటుంది. మనం లేకుండా వాళ్లు సంపూర్ణులు కాకూడదని దేవుడు మన కోసం మరి శ్రేష్ఠమైనదాన్ని సిద్ధపరిచాడంటుంది (హెబ్రీ 11:39-40). ఆ వెంటనే పన్నెండో అధ్యాయం మొదట్లో, వాళ్లంతా మేఘంలా మన చుట్టూ కమ్ముకుని ఉన్నారు కాబట్టి ఓపికతో పరుగెత్తమంటుంది. ఆ గట్టు మీద ఎవరెవరున్నారో ఊహించండి. కనానును కొండ మీది నుంచి చూసి ఆగిపోయి, తన స్థానంలో వెళ్లే యెహోషువకు ధైర్యం చెప్పిన మోషే ఉన్నాడు (ద్వితీయోపదేశకాండము 3:27-28). ఆ పత్రిక పేరు చెప్పకపోయినా, కిరీటం వదులుకున్న యోనాతాను కూడా అక్కడే ఉంటాడనుకుంటాం. వాళ్ల ఆట ముగిసింది. వాళ్లు కోరుకున్నది వాళ్ల చేతికి అందలేదు. అయినా ఇళ్లకు వెళ్లిపోలేదు. మన కోసం ఉండిపోయారు. మనం ఈ రోజు విశ్వాసంలో పరుగెడుతున్నామంటే, తాము అందుకోలేనిదాన్ని మనం అందుకోవాలని కోరుకున్న అలాంటివారి ఋణం మన మీద ఉంది.

ఆ ఋణం తీర్చుకునే దారి ఒక్కటే. ఈ వారం మనల్ని దాటి ముందుకు వెళ్లిన ఒక్కరి పేరును ప్రార్థనలో ప్రభువు ముందు పెడదాం. ఫిర్యాదుగా కాదు, కృతజ్ఞతగా. వీలైతే ఆ ఇంటికి వెళ్లి ఒక మంచి మాట చెబుదాం. మొదటిసారి గొంతు పెగలకపోవచ్చు. రెండోసారి తేలికవుతుంది.

మా పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన్ను మట్టి చేసిన రోజు కాలువ అవతలి ఊరి సంఘం యౌవనస్తులు అందరూ వచ్చారు. శవపేటికను మా పిల్లలతోపాటు వాళ్లూ భుజాలకెత్తుకున్నారు. ఎందుకు వచ్చారని ఎవరూ అడగలేదు. ఆనాడు గట్టు మీద వినిపించిన ఆ రెండు చేతుల చప్పట్లు వాళ్లు మరిచిపోలేదు!